ఎమ్మెల్యే గారి అద్దె ఇల్లు

శుక్రవారం, 5 సెప్టెంబరు 1997

గొంతు మండిపోతోంది. అరిచి కాదు, అరవకుండా ఉండి.

దోహాలో ముంతజా పేటలో తిమ్మప్ప ఉండే ఔట్‌హౌసు గదిలో ఇవాళ ఇరవై ఇద్దరం. ఏసీ ఫుల్లులో పెట్టి ఆ మోత కింద వాక్యం చెప్పాలి. ఈ దేశంలో మా కూటాలకి అనుమతి లేదు; మాట గోడ దాటితే ముందు కఫీలుకి, అంటే వీసా ఇచ్చిన యజమానికి తెలుస్తుంది, తర్వాత నా చేతికి ఊరికి పంపేసే టికెట్టు వస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే బతుకు. ఊళ్ళో ఉండగా మైకు లేకుండా మూడు వీధులకి వినిపించేవాణ్ణి. ఇక్కడ నిప్పునంతా గుసగుసగా ఊదాలి.

తిమ్మప్ప మా కడప జిల్లా మనిషే, నాలాగే హౌస్ డ్రైవర్. కొండ మీది స్వామి తప్ప ఇంకెవరూ పట్టరు. గది ఇస్తాడు, టీ కాస్తాడు, వాక్యం మాత్రం వినడు. నన్ను అయ్యవారూ అని పిలుస్తాడు, అందులో సగం వెక్కిరింపు.

ఇవాళ వాక్యం పక్కన పెట్టాల్సి వచ్చింది. గంగన్న పేపరు కటింగు తెచ్చాడు. గంగన్నది నిజామాబాద్ వైపు. దుఖాన్ క్యాంపులో షట్టరింగ్ పని. దేవుడి సంగతి ఎట్లున్నా పెద్దోళ్ళను తిడుతవని వస్తా అన్నా అని నా ముఖం మీదే చెప్తాడు. ఆ కటింగుని నలభై జిరాక్సులు తీయించాడు.

నలభై ఒక్క మంది ఎమ్మెల్యేలు. సొంత ఇళ్ళు పెట్టుకుని, నియోజకవర్గంలో ఉండటానికి ఇంకో ఇల్లు అద్దెకి తీసుకున్నామని రాసిచ్చి సర్కారు నుంచి నెలనెలా అద్దె తీసుకుంటున్నారు. ఆ ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. పదిహేడో పేరు మా ఎమ్మెల్యేది. హైదరాబాదులో మేడ, ఊళ్ళో మిద్దె, అది చాలక మా టౌనులో అద్దె ఇల్లు. వాడి పేరు ఈ నోటుబుక్కులో రాయను. ఇందులో వాక్యాలు కూడా రాసుకుంటాను.

ఒక్క రూముల పన్నెండు మందిమి పంటున్నం, గాళ్ళకు పండేతందుకు రెండిండ్లు గావాల్నా అన్నాడు గంగన్న. ఎవడో రెండు కాదు మూడు అని దిద్దాడు. అయితే నడుమింట్ల ఎవడు పంటుండు అన్నాడు గంగన్న. గది గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి ఇల్లు, చేనుకి చేను కలుపుకుంటూ పోయి దేశంలో తామొక్కరే మిగిలినట్టు బతికేవాళ్ళ గురించి ప్రవక్త ఏనాడో చెప్పాడని మొదలుపెట్టాను. ఆ పెద్ద ఇళ్ళు పాడుబడతాయి, వాటిలో దీపం పెట్టే దిక్కుండదు అన్నాను. నలభై నిమిషాలు. చివరికి తిమ్మప్ప కూడా కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

శనివారం, 6

ఇంకా కోపంగానే ఉంది. మంచిదే.

మంగళవారం, 9. స్కూలు ముందు, కారులో

పిల్లలు బయటికి రావడానికి ఇంకా అరగంట. నా గ్రంథం డాష్‌బోర్డులో కారు సర్వీసు బుక్కు అట్టలో ఉంటుంది. నేను చదివింది ఏడో తరగతి. ఏ బోధకుడూ నాకు నేర్పలేదు, ఏ కాలేజీ సర్టిఫికెట్టూ లేదు. స్కూళ్ళ ముందు, ఆసుపత్రుల ముందు, మేడమ్ షాపింగు చేసే మాల్స్ ముందు, ఈ సీట్లో కూర్చుని ఎనిమిదేళ్ళలో ఆరుసార్లు చదివాను, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా.

నాకూ ఒక ఇల్లుంది. ఒకటే. ఈ స్టీరింగు తిప్పిన డబ్బుతో మా టౌనులో కట్టుకున్నది. వెనక గదిలో, వంటింట్లో నా భార్య కృష్ణకుమారి, ఇద్దరు పిల్లలు. ముందు రెండు గదులు ఎవరో ఆఫీసరుకి అద్దెకిచ్చాం. నెలకి ఏడు వందలు. ఆ సంగతులన్నీ బావమరిది ఆంజి చూసుకుంటాడు. ముందు గది కిటికీకి రంగుటద్దం కావాలని నేను పంతం పట్టి పెట్టించాను. ఆ గదిలో నేను ఇంతవరకు పడుకోలేదు.

ఒక్క ఇల్లు నిలబెట్టడానికి మనిషికి ఇంత పడుతుంటే, సంతకంతో ఇల్లు పుట్టించేవాళ్ళని ఏం చేయాలి?

శుక్రవారం, 12

మా ఎమ్మెల్యే దోహా వస్తున్నాడు!

అక్టోబరు 17. ఒక హోటల్ హాల్లో సన్మానం. టైలరింగ్ షాపులు నడిపే నిసార్ అహ్మద్ గారు ఏర్పాట్లు చూస్తున్నారు. ఊళ్ళో కల్యాణ మండపం కడతానని చందాలు ఎత్తడానికి వస్తున్నాడట. నిసార్ గారు నాకు కబురు పంపారు, దేవదానం భాయీ మీకు మాట బాగా వస్తుంది, చివర్లో వందన సమర్పణ మీరే చేయాలి అని.

మావాళ్ళకి ఈ మాట చెప్పగానే గది ఉడికిపోయింది. మైకు మనోని చేతులకే అస్తుంది అని గంగన్న లేచి నిలబడ్డాడు. అన్నా, వందనాలు తర్వాత, ముందుగాల అడుగు, ఆ ఇంట్ల నువ్వు ఒక్కరోజన్న పన్నవా అని అడుగు, మేమంత ఎనుక నిలవడుతం అన్నాడు. ఒకతను భయపడ్డాడు, పేర్లు రాసుకుంటే ఎట్ల అని. రాసుకోనీ, మన పేర్లు సక్కగ రాసెటోడు ఈ దేశంల ఎవడున్నడు అన్నాడు గంగన్న.

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమేమిటి, దీని కోసమే దేవుడు నన్ను ఎనిమిదేళ్ళు గుసగుసల్లో ఉంచాడనిపించింది.

సోమవారం, 15

కారు కడుగుతూ చెప్పుకుంటున్నాను. "అయ్యా ఎమ్మెల్యే గారూ, మీకు వందనాలు. ఏ ఇంటి నుంచి వచ్చారో చెప్తే ఆ ఇంటికి వందనాలు." ఇది బాగుంది. బాబా వచ్చి ఎవరితో మాట్లాడుతున్నావ్ అన్నాడు. బాబా అంటే మా యజమాని, ముసలాయన. కారుతో అన్నాను. కారు ఏమంది అన్నాడు.

శుక్రవారం, 19. మధ్యాహ్నం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గంగన్న రెండో కటింగు తెచ్చాడు. ఈసారి ఎమ్మెల్యేల పేర్ల పక్కన అద్దె ఇళ్ళ నంబర్లు కూడా వేశారు. జిరాక్సు మసకగా ఉంది. నువ్వు సదువన్నా, మనోనిది సదువు అన్నాడు. నిలబడి చదివాను. పదిహేడు. మా టౌను పేరు. ఇంటి నంబరు 6-114.

మా ఇల్లు.

నా నోరు ఆగలేదు, అదే వింత. కింద లైను కూడా చదివేశాను. అద్దె నెలకు నాలుగున్నర వేలు. ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉన్నందున వివరణ దొరకలేదు.

గల్ఫ్‌లనా అని గంగన్న ఎగిరిపడ్డాడు. అంటే గా లంగ మన నడుమనే ఎక్కడో ఉన్నడు! దుబాయిల ఉన్నడో, మస్కట్‌ల ఉన్నడో, గీ దోహాలనే ఉన్నడో! దొరికితే తోలు తీస్తం! గదిలో అందరూ అదే అందుకున్నారు. ఎమ్మెల్యే దొంగైతే కావచ్చు, వాడు పెద్దోడు, కానీ మనలాంటోడై ఉండి వానికి ఇల్లిచ్చినోణ్ణి ఏమనాలె అన్నారు. నన్నడిగారు. అన్నా, నీ గ్రంథంల గసొంటోనికి ఏమున్నది శిక్ష?

దగ్గొచ్చిందన్నాను. నీళ్ళు తాగాను.

తిమ్మప్ప టీ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. నా ఇంటి నంబరు తెలిసినవాడు ఆ గదిలో అతనొక్కడే.

అదే రోజు, సాయంత్రం

ఎలా జరిగిందో రాసుకోవాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

రెండేళ్ళ క్రితం ఆంజి ఉత్తరం రాశాడు. బావా, అద్దెకుండేది గవర్నమెంటు మనిషి, నెలనెలా ఓనరు సంతకంతో రశీదు కావాలంట అని. ఉత్తరం పోవడానికి ఇరవై రోజులు, రావడానికి ఇరవై. నెలనెలా రశీదు ఎలా పంపాలి? అందుకని అందరం చేసేదే నేనూ చేశాను. మాలో ఒకడు బ్యాంకు ఫారాల మీద సంతకాలు పెట్టి తమ్ముడికి పంపుతాడు. ఇంకొకడు స్టాంపు పేపర్ల మీద. కాగితం ముందు మన చెయ్యి దాటాలి, రాత ఊళ్ళో వాళ్ళే రాసుకుంటారు. గల్ఫ్‌లో ఉన్నవాడు ఇంటిని నడిపే పద్ధతే అది.

ముప్పై ఆరు రశీదులు. మూడేళ్ళకి సరిపడా. రెవెన్యూ స్టాంపులు అతికించి, ఇదే స్కూలు ముందు, ఇదే కారులో, ఈ గ్రంథాన్నే కింద దన్నుగా పెట్టుకుని సంతకాలు చేశాను. తేదీ లేదు. అంకె లేదు. అద్దెకున్నవాడి పేరు లేదు. అప్పుడు తిమ్మప్ప లీవు మీద ఊరికి పోతున్నాడు, అతని చేతికిచ్చాను.

ఆ గవర్నమెంటు మనిషి ఎవరని నేను అడగలేదు. అడిగితే అద్దె ఆగిపోతుందేమోనని అడగలేదు. ఇదీ నిజం.

శనివారం, 20

కృష్ణకుమారికి రాయడం రాదు. మూడు నెలలకోసారి క్యాసెట్టులో మాట్లాడి పంపుతుంది. పాతవన్నీ పెట్టెలో ఉన్నాయి. ఇవాళ డ్యూటీ అయ్యాక అన్నీ వేసి విన్నాను.

నిజం చెప్పాలి. ఇదివరకు వాటిని నేను పూర్తిగా విన్నది లేదు. ఆమె బియ్యం, కొళాయి, పక్కింటి తగువు అంటుంటే ముందుకి తిప్పేసి పిల్లలు పద్యాలు చెప్పేచోట ఆపుకునేవాణ్ణి.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిది వేశాను. చలి, పిల్లోడికి జలుబు, అన్నీ చెప్పింది. ఏమయ్యా, ఇంకొక మాట, మన ముందర గోడకి ఆంజి ఒక బోర్డు తెచ్చి కొట్టినాడు, దాని మీద ఏం రాసుండారంటే, అంది.

టక్‌మని చప్పుడు. అక్కడి నుంచి నా గొంతు.

ఇంటికి ఇల్లు కలుపుకునేవాళ్ళారా, అంటున్నాను.

ఖాళీ క్యాసెట్టు కొనడం ఎందుకని, దుఖాన్ క్యాంపువాళ్ళకి వినిపించడానికి నా ప్రసంగాన్ని ఆమె క్యాసెట్టు మీదే రికార్డు చేశాను. ఆమె ఏం చెప్పిందో ఆ టేపు మీద ఇక లేదు. ముప్పై నిమిషాలూ నేనే ఉన్నాను. చాలా బాగా చెప్పాను కూడా.

క్యాసెట్టుని గోడకేసి కొట్టాను. పగల్లేదు.

ఆదివారం, 21

ఆంజికి ఫోన్ చేశాను. వాడు ఎమ్మెల్యే వెనకాల తిరిగే మనిషని తెలుసు. ఇంత దగ్గరని తెలియదు.

బావా, నువ్వు యాడనో ఉండావు, నీకేంటికి ఈ తలనొప్పి, పేపరోళ్ళకు పనిల్యాక రాస్తారు అన్నాడు. నాలుగున్నర వేలేమిట్రా అన్నాను. నీ ఏడునూర్లు నీకు చేరతాండాయా ల్యాదా అని ఎదురడిగాడు. మిగతాది పెద్దాయన ఖర్చులకట. ఆంజికి అటెండరు పోస్టు ఇప్పిస్తానన్నాడట. సిగ్గు లేదట్రా అన్నాను. మర్యాద తగ్గించకుండానే చెప్పాడు, బావా, సంతకం నీది, కొంచిం నోరు మూసుకోనుంటే అందురికీ మంచిది అని.

నా పెళ్ళినాటికి వాడికి ఆరేళ్ళు. నా భుజం మీద కూర్చుని ఊరేగింపు చూశాడు.

మంగళవారం, 23

ఎవరి మీద కోపమో తేలడం లేదు. ఎవరి మీదైతేనేం, తగ్గడం లేదు.

ఆదివారం, 28

కృష్ణకుమారిని ఎస్టీడీ బూత్‌కి రమ్మని కబురు పెట్టి మాట్లాడాను.

క్యాసెట్టులో చెప్పినా కదా అంది. ఆ బోర్డు మీద ఎమ్మెల్యే నివాసం అని రాసుందని, ముందు గదులకి తాళం వేసుకున్నారని, రెండేళ్ళలో అక్కడ ఒక్కరూ పడుకోలేదని, దుమ్ము పట్టిన సోఫా ఒకటి ఉందని, పిల్లలు రంగుటద్దంలోంచి దాన్ని చూస్తుంటారని, అన్నీ చెప్పింది. నువ్వేమీ పలకలేదు, సరే నీకు ఇష్టమేనేమో అనుకున్నా అంది.

ఇప్పుడు కొత్త సంగతి. పేపర్లో వచ్చాక హైదరాబాదు నుంచి విచారణ ఆఫీసరు వస్తున్నాడు. అక్టోబరు రెండో వారం. వచ్చేలోపు వెనక గది కూడా ఖాళీ చేయాలట. పొయ్యి, మంచం, పిల్లల బట్టలు, దండెం మీద తువ్వాలుతో సహా ఏమీ కనపడకూడదట. ఇల్లంతా ఎమ్మెల్యేదే అన్నట్టుండాలట. పదిరోజులు మా ఇంట్లో ఉండక్కా అని ఆంజి అంటున్నాడట. పదిరోజులని పోయినోళ్ళను మళ్ళా రానిస్తారా అంది ఆమె. రానిస్తారో లేదో నాకు తెలియదు. ఆ ఇంటి కాగితాలన్నీ ఆంజి దగ్గరే ఉన్నాయి.

తర్వాత ఆమె అడిగింది. ఏమయ్యా, అందురికీ వారం వారం ఏం చేయాల్నో చెప్తావంట కదా, నాకూ చెప్పు. పోవాల్నా, ఉండాల్నా?

కార్డులో డబ్బు అయిపోతోంది. పీ పీ మని కొడుతోంది. నా కళ్ళ ముందు ముప్పై ఆరు సంతకాలు. జైలు. పాస్‌పోర్టు.

పో అన్నాను.

లైను కట్టయింది.

శుక్రవారం, 3 అక్టోబరు

గదికి పోలేదు. కడుపునొప్పి అని చెప్పి పంపాను.

పొరుగువాడి గొర్రెపిల్లని లాక్కున్న ధనవంతుడి కథ రాజుకి చెప్పి, రాజుకి కోపం తెప్పించి, ఆ మనిషివి నువ్వే అని చెప్పిన ప్రవక్త ఉన్నాడు. ఆ కథ నలభైసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ ప్రవక్త నిలబడ్డచోటే నిలబడి చెప్పాను. రాజు ఆ మాట విని కుర్చీలో ఎలా కూర్చుని ఉంటాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

బుధవారం, 8

కారు కడుగుతుంటే గేటు దగ్గరికి తిమ్మప్ప వచ్చాడు. టైరుని కాలితో తన్నాడు.

నేనే మోసుకపోయినా కదప్పా ఆ కాగితాలు అన్నాడు. జోబీలో పెట్టుకోని కొండకు పోయొచ్చినా. స్వామి ముందర నిలబడినప్పుడు కూడా అవి నా జోబీలోనే ఉండాయి. అంటే స్వామి కూడా సాక్షే. నవ్వించబోయాడు.

పదిహేడో తేదీ జరమని పడుకోమన్నాడు. మైకు ఇంకెవురికన్నా ఇస్తారు, నీకేంటికి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు బోధించి ముసుగు తన్ని పడుకోమంటావా అని అరిచాను. అరిచానంటే గుసగుసగానే.

అప్పుడన్నాడు. అయ్యవారూ, ఒక మాట అడుగుతా ఏమనుకోవద్దు, ఇన్నేండ్లు నువ్వు చెప్పింది ఎవురికి? నాకైతే నేను ఇనలేదు. నీకైతే నువ్వూ ఇనలేదు.

బకెట్టు నీళ్ళు అతని కాళ్ళ మీద పోశాను. అతను చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం, 17 అక్టోబరు

హాల్లో మూడు వందల మంది. మావాళ్ళు వెనక వరుసల్లో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కాలు. గంగన్న ఎవరివో బూట్లు అడిగి వేసుకొచ్చాడు, రెండూ వదులు.

ఎమ్మెల్యే తెల్లగా, చల్లగా ఉన్నాడు. నిజంగా మంచివాడిలా నవ్వాడు. కల్యాణ మండపం గురించి మాట్లాడాడు, గల్ఫ్ బిడ్డల చెమట గురించి మాట్లాడాడు, కళ్ళు తుడుచుకున్నాడు. దేవదానం ఎవరయ్యా ఇక్కడ అన్నాడు.

ఆంజి చెప్పి పంపాడన్నమాట.

స్టేజీ మీదికి పిలిచి నన్ను కావలించుకున్నాడు. నా మెడలో శాలువా వేశాడు. ఈయనే మా ఇంటి ఓనరు! పేపరోళ్ళు అంతంత పెద్ద ఇండ్లని రాస్తారు కదా, చూడండి, నేను ఒక డ్రైవరు తమ్ముడింట్లో బాడుగకుండే పేదోణ్ణి అన్నాడు. ముందు వరుసలు పగలబడి నవ్వాయి, చప్పట్లు కొట్టాయి.

నేను వెనక వరుసల వైపు చూశాను. గంగన్న నా వైపు చూడటం లేదు. నా ముఖం పక్కన, కొంచెం ఖాళీలోకి చూస్తున్నాడు.

నిసార్ గారు మైకు ఇచ్చారు. ఎనిమిదేళ్ళ తర్వాత మైకు. రాసుకున్నదంతా మరిచిపోయాను, కారు కడుగుతూ చెప్పుకున్న వందనాలతో సహా. ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు.

ఇంటి నంబరు ఆరు డాష్ నూట పద్నాలుగు అన్నాను. ఆ ఇల్లు నాది. ఈయన అందులో ఒక్కరోజు పడుకోలేదు. ఖాళీ రశీదుల మీద ముప్పై ఆరు సంతకాలు నేనే పెట్టాను, అంకెలు వీళ్ళు వేసుకున్నారు. నాకు ముట్టింది ఏడు వందలు, సర్కారు ఇచ్చింది నాలుగున్నర వేలు. మీరు వెతుకుతున్న మనిషిని నేనే అన్నాను. నా భార్యని ఆ ఇంట్లోంచి పొమ్మన్నది కూడా నేనే.

మైకు ఆగిపోయింది. ఎవరో వైరు లాగారు. అప్పుడు అరిచాను. నిజంగా అరిచాను. పో, ఆ ఇల్లు వదిలి పో, నా బిడ్డల పొయ్యి మీద నీ బోర్డు తియ్యి అని. కప్పులు తీసే వెయిటర్లు ఆగి చూశారు. తమ్ముడికి ఆవేశం ఎక్కువ, ఎండలకి అట్ల అయితాది అని వాడు నా వీపు తట్టి భోజనాల వైపు నడిచాడు. జనం లేచి వాడి వెనకే నడిచారు. బిర్యానీ వాసన.

నన్ను ఎవరూ కొట్టలేదు. కొడతారనుకున్నాను. గంగన్న దగ్గరికి వచ్చాడు. ముప్పై ఆరు మాట్ల సంతకం పెట్టినవ్ అన్నా, ఒక్క మాటన్న ఆ కాయితం ఖాళీగ ఎందుకున్నదని అడుగబుద్ధి కాలేదా అన్నాడు. వదులు బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. భోజనం చేయకుండానే పోయాడు. మావాళ్ళెవరూ తినలేదు. అది మాత్రం చూశాను.

శనివారం, 18

బూత్‌కి ఫోన్ చేశాను. పోవద్దు, ఇంట్లోనే ఉండు అని చెప్పడానికి.

ఆమె పోలేదట.

సోమవారమే ఆఫీసరు వచ్చాడట. ఆంజి అప్పటికి మంచం బయట వేయించాడట. ఈమె పొయ్యిని ముందు వరండాలో పెట్టి, బోర్డు కిందే అంటించి, సంగటి కెలుకుతూ కూర్చుందట. ఎవరమ్మా నువ్వు అంటే, ఈ ఇల్లు నాది సార్, పునాది మట్టి నేను మోసినా, సంతకాలు పెట్టినాయన దోహాలో ఉండాడు, కావాలంటే ఆయన్ని పిలిపించుకోండి, నేను యాడికీ పోను అందట. ఆఫీసరు తెల్లబోయాడట. ముందు గదులు విచారణ తేలేదాకా ఎవరూ తెరవకూడదని లక్క సీలు వేసి, నా పేరున నోటీసు ఇచ్చిపోయాడు. నవంబరు 12న హాజరు కావాలి.

నేను పొమ్మన్నాను కదా అన్నాను.

అంటివి. నేను ఇనలేదు అంది.

నిన్న హాల్లో చేసిందంతా చెప్పాను. అట్నా అంది. అంతే. పిల్లోడికి చెప్పులు తెమ్మంది.

శనివారం, 25

బాబా దగ్గరికి పోయి లీవు అడిగాను, దేశం దాటడానికి ఆయన సంతకంతో ఎగ్జిట్ పర్మిట్ కోసం. బైత్ ముష్కిల్ బాబా అన్నాను. ఇంటి గొడవ. ఎన్ని ఇళ్ళున్నాయి నీకు అని అడిగాడు. ఒకటి. ఒక్క ఇంటికే ముష్కిలా, నాకు మూడున్నాయి, ఒక్కదానికీ ముష్కిల్ లేదు అని నవ్వి కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టే ముందు కళ్ళజోడు తెప్పించుకుని మొత్తం చదివాడు.

తిమ్మప్పకి చెప్పడానికి పోయాను. తలుపు తీసి, టీ పోసి, నా కాళ్ళ వైపు చూసి, నీళ్ళు పోయమంటావా అయ్యవారూ అన్నాడు. అప్పుడు నవ్వాను. ఎన్ని రోజులైందో.

బుధవారం, 12 నవంబరు. మా టౌను

విచారణ ఆఫీసులో నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టారు. చెప్పాల్సిందంతా లోపల వరుసగా పేర్చుకున్నాను. పిలిచి రెండే అడిగారు. ఈ సంతకం నీదేనా? అవును. ఏడు వందలు పుచ్చుకున్నావా? అవును. మరి, అని నేను నోరు తెరిస్తే చాలు వెళ్ళు అన్నారు.

ఎమ్మెల్యే రాసిచ్చాడట, తాను అనుచరుణ్ణి నమ్మి మోసపోయానని. కేసు ఆంజి మీద, నా మీద. వాడి మీద లేదు. ఆంజి వరండాలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొడదామని పోయినవాణ్ణి పక్కన కూర్చున్నాను.

శుక్రవారం, 14

బోర్డు తీసేశారు. మేకుల గుర్తులున్నాయి. రేపు ఎమ్మెల్యే మా వీధి కొళాయికి ప్రారంభోత్సవం చేస్తాడట.

ముందు గదులు తెరవడానికి లేదు. నలుగురం వంటింట్లోనే సర్దుకున్నాం. కృష్ణకుమారి మాట్లాడుతోంది, బియ్యం, కొళాయి, పక్కింటి తగువు. వింటున్నాను.

సీలు వేసిన తలుపు అవతల ఎలుక తిరుగుతోంది. సోఫా కొరుకుతున్నట్టుంది. ఆ గదుల్లో కాపురం ఉన్న మొదటి ప్రాణి అదే. అద్దె అడగాలి.